తువ్వాల కింది కూలి

గంగాదాస్‌ను మొదటిసారి చూసినవాళ్లు ఆయన ఎలక్షన్లలో నిలబడ్డాడనుకునేవాళ్లు. తెల్లని గాంధీ టోపీ, మోకాళ్ల దాకా ధోవతి, ఎదురైన ప్రతివాడికీ రెండు చేతులెత్తి దండం. ఆర్మూర్ మార్కెట్లో అంత మర్యాదగా నడిచే మనిషి ఓట్ల కోసమో చందా కోసమో వచ్చి ఉండాలి. ఆయన మాత్రం పసుపు సంచులు మోయడానికి వచ్చేవాడు. టోపీ తీసి గోడ మేకుకు తగిలించి, ధోవతి పైకి దోపి, సంచి కిందికి వీపు పెట్టేవాడు. సాయంత్రం మళ్లీ టోపీ పెట్టుకునేసరికి అదొక్కటే తెల్లగా ఉండేది. మిగతా మనిషంతా పసుపే.

కుడి చేతికి చిటికెన వేలు లేదు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో చెరుకు గానుగలో పెట్టాడు. రసం ఎక్కడి నుంచి వస్తుందో చూద్దామని పెట్టానని తనే చెప్పేవాడు. చూశావా మరి అని అడిగితే, చూశాను, ఎర్రగా వచ్చింది అనేవాడు. తన మీద తనే నవ్వుకునే మనిషి కాబట్టి ఇతరులకు పెద్దగా పని మిగిలేది కాదు.

నా పేరు రామకిష్టయ్య. నారాయణదాస్ సేటు అడ్తి దుకాణంలో పద్దెనిమిదేళ్లు గుమాస్తాగా చేశాను. రైతులు తెచ్చిన పసుపును అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే దుకాణం మాది. మాది అని అలవాటు కొద్దీ అంటున్నాను గానీ, అందులో నాది ఒక కుర్చీ, దానికీ ఒక కాలు పొట్టి. దుకాణం వెనక పెద్ద గోదాము. సేటు తన కోసం కొన్న పసుపు అక్కడ పాలిష్ డ్రమ్ములో తిరిగి, పొడుగు కొమ్ములు కాడిగా, గుండ్రటి దుంపలు గోళగా వేరై, సంచులకెక్కి లారీల్లో పోయేది.

గోదాములో రెండు జట్ల హమాలీలు ఉండేవాళ్లు. ఒక జట్టుకు ముకద్దం హనుమాన్లు, వేల్పూర్ మనిషి. ముకద్దం అంటే జట్టుకు పెద్ద. సేటుతో కూలి మాట్లాడేదీ, వారానికోసారి డబ్బు తీసుకుని పంచేదీ అతనే. హనుమాన్లు కింద ఇరవై మంది, అందరూ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు. రెండో జట్టు గంగాదాస్‌ది. పద్దెనిమిది మంది, అందరూ ధర్మాబాద్ వైపు మరాఠీ పల్లెల నుంచి శివరాత్రికి వచ్చి, వానలు పడేముందు వెళ్లిపోయేవాళ్లు. గోదావరిని మా వైపు గంగ అంటాం కాబట్టి వాళ్లకు గంగవతలోళ్లు అని పేరు పడింది. ఆ గంగ చేపలు పోచంపాడ్ నుంచి వస్తే మేమూ తింటాం, అవతల ఒడ్డున వాళ్లూ తింటారు. ఎవరు ఇవతలివాళ్లో ఎవరు అవతలివాళ్లో చేపలకు తెలియదు. మాకు బాగా తెలుసు.

నిజానికి పొద్దున పది దాటితే మాకూ తెలిసేది కాదు. పాలిష్ డ్రమ్ము తిరగడం మొదలైతే గోదాములో గాలి కూడా పచ్చగా అయిపోయేది. కనుబొమ్మలు, చెవులు, మీసాలు అన్నీ పసుపు. హనుమాన్లు ఒకసారి గంగాదాస్ బావమరిదిని తన మనిషే అనుకుని బూతులు తిట్టి పని చెప్పాడు, వాడూ నోరెత్తకుండా పోయి ఆ పని చేశాడు. మనుషుల్ని విడివిడిగా చూపించేది గోదాములో ఒకే ఒక్క వస్తువు, అది నా రిజిస్టరు. అందులో ఒక్కో జట్టుకు ఒక్కో పేజీ.

ఇప్పుడు సేటు గురించి చెప్పాలి. పూర్వం పసుపు బేరాలు తువ్వాల కింద జరిగేవి. కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద తువ్వాల కప్పుకుని, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేవాళ్లు. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు, చెయ్యంతా పడితే అయిదు. పక్కన నిలబడ్డవాడికి ముఖాలు తప్ప ఏమీ కనపడదు. తర్వాత మార్కెట్ యార్డు వచ్చింది, చీటీల మీద ధర రాయడం వచ్చింది, తువ్వాలలు మళ్లీ భుజాలెక్కాయి. నారాయణదాస్ సేటుకు మాత్రం ఆ అలవాటు చావలేదు. పసుపుకు ఇక కుదరదు కాబట్టి కూలికి పెట్టుకున్నాడు. నోటితో అంకె పలకడం ఆయనకు నడిబజార్లో ధోవతి విప్పినంత సిగ్గు. హోటల్ వాడికి ఎన్ని చాయ్‌లో కూడా వేళ్లతోనే చూపించేవాడు.

ప్రతి ఏడూ సీజను మొదట్లో ఒక్కో ముకద్దంను లోపలి గదిలోకి పిలిచి, తువ్వాల కప్పి, వేళ్లు పట్టేవాడు. ముకద్దం బయటికొచ్చి నాకు అంకె చెప్తే నేను రాసేవాణ్ని. ముకద్దం చెప్పిందే లెక్క. ఎవరి కూలి ఎంతో వాళ్లు పక్క జట్టుకు చెప్పేవాళ్లు కాదు, అడగడమూ మర్యాద కాదు. ఇంట్లో ఏం కూర వండారని వాసన చూసి చెప్పుకోవచ్చు గానీ, కూలి ఎంతని అడగకూడదు. తువ్వాలకు అంత గౌరవం ఉండేది.

గంగాదాస్ మొదటి ఏడు పంతొమ్మిది వందల ఎనభై రెండు. రోజుకూలి పది పైమాటే అని బజారంతా తెలుసు, పది మీద ఎంతన్నదే బేరం. ముందు హనుమాన్లు లోపలికెళ్లి బయటికొచ్చి పదిహేను అన్నాడు. రాసుకున్నాను. తర్వాత గంగాదాస్ టోపీ సవరించుకుంటూ వెళ్లాడు. బయటికొచ్చి, రెండు చేతులెత్తి నాకు దండం పెట్టి, పద్నాలుగు అన్నాడు. అదీ రాసుకున్నాను. సాయంత్రం సేటు రిజిస్టరు చూశాడు. పద్నాలుగు మీద ఆయన వేలు ఒక్క క్షణం ఆగింది. కనుబొమ్మలు పైకి లేచాయి, మళ్లీ దిగాయి. రిజిస్టరు మూసి చాయ్ తెప్పించాడు. నాకు కూడా తెప్పించాడు, అది మామూలుగా జరిగే పని కాదు.

ఆ తర్వాత ఏటా సేటు తువ్వాల కింద పట్టింది పెంపు మాత్రమే, ఒక ఏడు ఒక వేలు, ఇంకో ఏడు రెండు. రెండు జట్లకూ సమానంగా పెరిగింది కాబట్టి మొదటి ఏటి తేడా ఎక్కడికీ పోలేదు, రూపాయి రూపాయిగానే ఉండిపోయింది. అప్పుడు దానికి కారణాలు మొలిచాయి.

సేటు కారణం ఏమిటంటే, గోదాము వెనక రేకుల షెడ్డులో వాళ్లు ఉచితంగా ఉంటున్నారని. ఆ షెడ్డులో ఎండాకాలం పాపడాలు పొయ్యి లేకుండానే కాలేవి. రూపాయి తేడా సంగతి హనుమాన్లుకు నా వల్లే తెలిసింది. రెండో ఏడు చాయ్ తాగుతూ నోరు జారాను. ఆ రోజు నుంచి అతని నడకే మారింది. సంచి మోసేటప్పుడు కూడా ఛాతీ ముందుకు వచ్చేది, బరువు మోసేవాడికి అది చాలా కష్టమైన పని. అతని కారణం అన్నిటికన్నా తెలివైనది.

"గంగవతల రూపాయి అంటె మనకాడ రూపాయి పావలా అన్నట్టు, రామకిష్టన్నా" అన్నాడు. "వాళ్లకు గదే శానా."

గంగ దాటేటప్పుడు రూపాయి ఎక్కడ ఎలా పెరుగుతుందో నేను అడగలేదు. నా కారణం నాకుంది మరి. వాళ్లు అడగలేదు కదా, అడిగినప్పుడు చూద్దాం అనుకున్నాను. అడగాలంటే ముందు తెలియాలి, తెలియాలంటే నేనే చెప్పాలి అన్న సంగతి నాకు తోచకపోలేదు. తోచినప్పుడల్లా ఏదో ఒక పని గుర్తొచ్చేది.

హనుమాన్లు చెడ్డవాడని మీరు అనుకుంటే నేను సరిగ్గా చెప్పలేదన్నట్టు. గంగాదాస్ బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే భుజాన వేసుకుని దవాఖానకు పరిగెత్తింది అతనే. ఇద్దరూ రోజూ సాయంత్రం ఒకే బల్ల మీద చాయ్ తాగేవాళ్లు. గంగాదాస్ జొన్నరొట్టె తెస్తే హనుమాన్లు సగం తినేవాడు, హనుమాన్లు భార్య చింతకాయ తొక్కు పంపితే గంగాదాస్ సీసా నాకేవాడు. ఒకరికోసం ఒకరు ప్రాణం పెట్టేవాళ్లు. ఒక్క రూపాయి సంగతి మాత్రం వాళ్లిద్దరి మధ్య ఒకడికి తెలిసి, ఇంకొకడికి తెలియకుండా ఆరేళ్లు ఉంది.

ఎనభై తొమ్మిదిలో బయటపడింది. వేల్పూర్లో ఒక పెళ్లికి గంగాదాస్ బావమరిది వెళ్లాడు. అక్కడ కల్లు తాగిన చోట హనుమాన్లు జట్టువాడొకడు తన కూలి ఇరవై నాలుగని గొప్ప చెప్పుకున్నాడు. గంగాదాస్ జట్టు చేతికి వచ్చేది ఇరవై మూడు. బావమరిది తిరిగొచ్చి మిగతా పదహారు మందికీ చెప్పాడు. అందరూ కలిసి ఒకే లెక్క వేశారు. సేటు ఒకే గోదాములో ఒకే పనికి రెండు ధరలు ఇస్తాడా? ఇవ్వడు. ఇరవై నాలుగే ఇచ్చి ఉంటాడు. మధ్యలో ఒకడున్నాడు, మనిషికి రూపాయి చొప్పున రోజుకు పదిహేడు రూపాయలు, ఏడేళ్లుగా.

సేటును అంతగా నమ్మి సొంత బావను దొంగ అనుకున్నారంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

అంగడి రోజు కూలి పంపకం. గంగాదాస్ నోట్లు లెక్కపెట్టి ఇస్తుంటే ఒక్కడూ చెయ్యి చాపలేదు. బావమరిది అందరి ముందూ మరాఠీలో అడిగాడు. నాకు మరాఠీ కొంచెమే వచ్చు, ఆ మాటలకు అంత కూడా అక్కర్లేదు. గంగాదాస్ ముఖం చూస్తేనే తెలిసింది. ఆ పద్దెనిమిదిలో సగం మంది ఆయన ఊరివాళ్లు, సగం మంది అత్తగారి ఊరివాళ్లు. ఇక్కడ దొంగ అనిపించుకుంటే ఇంక ఆయన తిరిగి వెళ్లడానికి ఊరు అంటూ ఉండదు. గంగ ఇవతల ఎలాగూ పరాయివాడే, అవతల కూడా అయిపోతాడు. రొట్టె మీద ప్రమాణం చేశాడు, పిల్లల మీద చేశాడు. ప్రమాణాలు ఎక్కువైన కొద్దీ వాళ్ల ముఖాలు ఇంకా బిగుసుకున్నాయి.

అప్పుడు గంగాబాయి లేచింది. ఆయన భార్య. కాడి, గోళ వేరు చేసే ఆడవాళ్లలో కూర్చునేది. మర్యాదలో మొగుడి వాటా, పెళ్లాం వాటా రెండూ గంగాదాస్‌కే వచ్చేశాయని గోదాములో అనుకునేవాళ్లు. సేటును కూడా ఏయ్ సేట్ అని పిలిచేది, ఆయన మర్యాదగా ఏమమ్మా అనేవాడు. ఒడిలో పసుపు దులుపుకుని వచ్చి, మొగుడి భుజం మీది తువ్వాల లాక్కుంది. సేటు మొదటి ఏడు ఎలా పట్టాడో చెప్పమంది. చెయ్యంతా పట్టాడని చెప్పాడు గంగాదాస్.

ఆమె తమ్ముడి కుడిచేతి మీద తువ్వాల కప్పి, కింద నుంచి చెయ్యంతా పట్టింది. ఎంత అని అడిగింది. అయిదు అన్నాడు వాడు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. అదే తువ్వాల మొగుడి చేతి మీద కప్పి, అలాగే చెయ్యంతా పట్టింది. ఎంత అంది.

గంగాదాస్ కళ్లు మూసుకుని, నిదానంగా, ఒక్కో వేలూ తడిమి చూసుకున్నట్టుగా ఆలోచించాడు. ఆయన దేన్నైనా అంత శ్రద్ధగా చేసేవాడు.

"నాలుగు" అన్నాడు.

గంగాబాయి తువ్వాల తీసి కింద పడేసింది. వాళ్ల భాషలో కాకుండా అందరికీ తెలిసేలా తెలుగులో అంది.

"వేలు లేనోని చేతిల అయిదు ఏడ దొరుకుతది? సేటు చెయ్యంత పట్టిండు. గీనకున్నయి నాలుగే. పట్టినయి నాలుగు, చెప్పింది నాలుగు. గీన మోసం చెయ్యలే, గీనకు చెయ్యొస్తలేదు."

అదీ సంగతి. ఆయన నిజాయితీ వల్ల పోయింది ఆ రూపాయి. కొంచెం దొంగబుద్ధి ఉన్నవాడైతే అయిదో వేలు ఉన్నట్టే లెక్కేసుకునేవాడు. ముందు బావమరిదికి నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, చివరికి బావ కాళ్లు పట్టుకున్నాడు. గంగాదాస్ తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. కానీ జట్టులో పెద్దవాళ్లు అంతటితో ఊరుకోలేదు. నువ్వు తినలేదని ఒప్పుకుంటున్నాం, తువ్వాల అలాగే ఉంటే రేపు మళ్లీ ఏం జరుగుతుందో ఎవడికి తెలుసు అన్నారు. వచ్చే ఏడు సేటు అందరి ముందూ నోటితో కూలి చెప్పాలి. లేకపోతే మెట్‌పల్లిలో ఇంకో ముకద్దం ఉన్నాడు, అతని కిందికి పోతాం. గంగాదాస్ ఊరికి వెళ్లి ఎద్దుల్ని కాచుకోవచ్చు.

ఆ సాయంత్రం ఆయన నా దగ్గరికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"గుమాస్త సాబ్, రెండు పేజీలు మీరే రాస్తరు గద. మీకు ఎరికేనా?"

నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. మళ్లీ పెట్టుకుని ఎరికే అన్నాను. ఇంకేదైనా అంటాడని చూశాను. తిడితే బాగుండేది. రెండు చేతులెత్తి దండం పెట్టి వెళ్లిపోయాడు, తొమ్మిది వేళ్లతో. నాకు సిగ్గేసింది, అంతకన్నా వేరే మాట నా దగ్గర లేదు.

తొంభైలో శివరాత్రి వెళ్లిన వారానికి జట్టు వచ్చింది. సాంగ్లీకి పోవాల్సిన లారీ సగం లోడుతో గోదాము ముందు నిలబడి ఉంది. సేటు అలవాటుగా తువ్వాల తీసుకుని లోపలి గదికి రమ్మని సైగ చేశాడు. గంగాదాస్ వాకిట్లోనే నిలబడ్డాడు. గోడ మేకుకు తగిలించాల్సిన టోపీ పొద్దున పదింటికి నెత్తి మీదే ఉంది. అంటే ఆయన వంగే ఉద్దేశంలో లేడన్నమాట. కూలి ఇక్కడే, అందరూ వినేలా చెప్పమని రెండు చేతులెత్తి అడిగాడు. మిగతా పదిహేడు మందీ సంచుల మీద కూర్చున్నారు. గొడవ లేదు, నినాదం లేదు. కొందరు తంబాకు నలుపుకున్నారు.

సేటు ముందు నవ్వాడు. తర్వాత బతిమాలాడు. తన తండ్రి ఎనభై ఏళ్లు బతికి దుకాణం, గోదాము, రెండు ఇళ్లు సంపాదించాడని, కానీ నోటితో ఒక్క ధర పలికి ఎరగడని చెప్పుకున్నాడు. తండ్రి పరువు పోతుందన్నాడు. గంగాబాయి లోపల ఆడవాళ్ల మధ్య నుంచి, పరువు తువ్వాల కింద పెట్టుకో, కూలి పైన పెట్టు అంది. సేటు హనుమాన్లును పక్కకు పిలిచి లారీ నింపమన్నాడు. హనుమాన్లు తల అడ్డంగా ఊపాడు. తన జట్టు సంచులు తనకున్నాయని, ఇంకొకరి సంచి ఎత్తడం తమ జట్టుకు అలవాటు లేదని చెప్పాడు. అది అబద్ధం, ప్రతి వారం ఎత్తేవాళ్లు. ఆ అబద్ధం విన్నప్పుడు నాకు అతనంటే చాలా ఇష్టం కలిగింది.

లారీ డ్రైవర్ హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. పన్నెండు అయ్యింది, ఒంటిగంట అయ్యింది. సేటు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. రాలేదు. కుడిచెయ్యి దానంతట అదే పైకి లేచి వేళ్లు చాపబోయింది, ఎడమచేత్తో దాన్ని పట్టుకుని కిందికి దించాడు. నేను చూసిన వాటిలో అంత కష్టమైన కాన్పు ఇంకోటి లేదు.

"ఇరవై అయిదు" అన్నాడు చివరికి. "రెండు జట్లకు."

అని లోపలికెళ్లి చెంబెడు నీళ్లు తాగాడు. గంగాదాస్ టోపీ తీసి మేకుకు తగిలించాడు. సాయంత్రానికి లారీ వెళ్లిపోయింది.

ఏడేళ్ల రూపాయల సంగతేమిటని గంగాబాయి వదలకుండా అడిగింది. పాత రిజిస్టర్లకు చెదలు పట్టాయన్నాడు సేటు, నా ముందే, అవి నా వెనక అల్మారాలో చక్కగా ఉండగా. మూడు రోజులు అడిగించుకుని చివరికి పద్దెనిమిది మందికీ ఒక్కో కొత్త తువ్వాల పంచాడు. గంగాబాయి ఒకటి వెలుతురుకు పట్టి చూసింది. అవతలి గోడ కనపడుతోందంది.

ఇంతటితో కథ బాగానే ముగిసినట్టు నేనూ అనుకున్నాను. గంగాదాస్ జట్టు కూడా అలాగే అనుకుంది, ఆ వారం షెడ్డు ముందు పాటలు పాడుకున్నారు. హనుమాన్లు జట్టులో మాత్రం పాటల్లేవు. వాళ్లకూ రూపాయి పెరిగింది, అయినా దిగులుగా ఉన్నారు. ఒకరిద్దరు హనుమాన్లు ముందే ఎత్తిపొడిచారట, మంచి ముకద్దంవే, మమ్మల్ని తీసుకుపోయి గంగవతలోళ్ల పక్కన నిలబెట్టినవని. హనుమాన్లు ఆ వారం చాయ్ బల్ల దగ్గరికి రాలేదు. పళ్లనొప్పి అని చెప్పించాడు.

ఎనిమిదో రోజు సాయంత్రం దుకాణానికి వచ్చాడు. సేటు గద్దె మీద ఉన్నాడు, నేను కుర్చీలో ఉన్నాను. చాలాసేపు నిలబడి గోడమీది క్యాలెండరు చదివాడు. అతనికి చదువు రాదు. చివరికి సేటుకు దగ్గరగా వంగి, నెమ్మదిగా చెప్పాడు.

"మాకు ఒక్క పైస పెంచకు సేట్. పెంచమని నేను అడుగుతలేను. వాళ్లది ఒక్క రూపాయి తగ్గియ్యి. గంతే."

చెప్పేసరికి అతని మెడ మీద చెమట పట్టింది. అడగకూడని దాన్ని అడుగుతున్నానని అతనికి తెలుసు. సేటు ముఖం విప్పారింది. లారీ ఆగిన రోజు తర్వాత ఆయన అంత హాయిగా కూర్చోవడం నేను చూడలేదు. అప్పుడే గుమ్మంలో నీడ పడింది. ఎక్కించిన సంచుల చీటీ ఇవ్వడానికి గంగాదాస్ వచ్చాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. హనుమాన్లు వెనక్కి తిరిగి చూసి, ఎటు పోవాలో తెలియక అక్కడే ఉండిపోయాడు.

గంగాదాస్ చీటీ నా బల్ల మీద పెట్టాడు. కోపం లేదు ఆ ముఖంలో. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

"అన్నా, ఏడేండ్ల సంది గా రూపాయి నేను తినలే. నువ్వు గూడ తినలే. మరి గది గంత తియ్యగుంటదని నీకు ఎట్ల తెల్సింది?"

హనుమాన్లు దగ్గర ఎప్పుడూ ఏదో ఒక జవాబు ఉండేది, గంగ దాటితే రూపాయి పెరుగుతుందని చెప్పగలిగినవాడు. ఆ రోజు మాత్రం కొంచెంసేపు గంగాదాస్‌ను చూశాడు, తర్వాత కళ్లు నిదానంగా సేటు వైపు తిరిగాయి. సేటు దగ్గర ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నా ఆయన్ను అలా చూడటం అదే మొదటిసారి అనుకుంటాను. నువ్వు తినలేదు, నేను తినలేదు అన్న తర్వాత ఆ గదిలో మిగిలేది ఎవరో లెక్క వేసుకోవడానికి చదువు అక్కర్లేదు.

సేటు నా వైపు చూశాడు. ఏదైనా చెప్పు అన్నట్టు చూశాడు. అలాంటి సమయాల్లో మాట అందుకోవడానికే నన్ను పెట్టుకున్నాడు, ఇన్నేళ్లూ అందుకుంటూనే వచ్చాను. హనుమాన్లు కూడా సేటు చూపు వెంట నా వైపు చూశాడు, గంగాదాస్ కూడా చూశాడు. నేను మళ్లీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. ఆ ఏడేళ్లూ ప్రతి దసరాకు నా జీతం పెరుగుతూ వచ్చింది. ఎందులోంచి తీసి పెంచాడో సేటు ఎన్నడూ చెప్పలేదు. నేను ఎన్నడూ అడగలేదు.